బ్లాక్‌పూల్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలా? సముద్రం కోసమైతే వద్దు, ఊరి కోసమైతే తప్పకుండా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మాంచెస్టర్‌లో ఉంటున్నారు, కాకినాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలు సెప్టెంబరు నెలాఖరు దాకా మీ దగ్గరే ఉంటారు, ఇంట్లో మూడేళ్ళ బాబు ఉన్నాడు. నాన్నగారు టీవీలో ఎప్పుడో చూసి, ఉత్తర ఇంగ్లండ్ పడమటి తీరంలో ఉన్న బ్లాక్‌పూల్ చూపించమంటున్నారు. ఆఫీసులో ఆ పేరు ఎత్తితే అందరూ ముసిముసిగా నవ్వి "అక్కడికా?" అన్నారట. వెళ్ళొచ్చా, ఒక్కరోజు చాలా, తిండి సంగతేమిటి అని మీ సందేహాలు.

వెళ్ళండి. నేను ఆ ఊరికి దగ్గర్లోని ప్రెస్టన్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఇండియా నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళకి బ్లాక్‌పూల్ చూపించే పని నాదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ఆఫీసువాళ్ళ నవ్వు సంగతి. అందులో నిజం కొంత ఉంది. సముద్రానికి ఎదురుగా ఉన్న వీధి దాటి రెండు సందులు లోపలికి వెళ్తే మూతపడ్డ దుకాణాలు, పెచ్చులూడిన ఇళ్ళు కనిపిస్తాయి. 2019లో ప్రభుత్వం వేసిన లెక్కల్లో ఇంగ్లండ్ మొత్తంలో అత్యంత వెనకబడిన ప్రాంతంగా తేలింది ఈ ఊరే. 1960లు, 70ల నుంచి జనం చవక విమానాలెక్కి స్పెయిన్ ఎండలకి పోవడం మొదలుపెట్టారు. ఖాళీ పడిన గెస్ట్‌హౌస్‌లు చాలావరకు ఒంటిగది అద్దెలకి మారిపోయాయి. ఇదంతా నిజమే. కానీ ఆ నవ్వులో రెండో పాలు వేరే ఉంది. బ్లాక్‌పూల్ మొదటినుంచీ కూలీనాలీ జనం ఊరు. మర్యాదస్తులం అనుకునేవాళ్ళకి ఆ ఊరి గోల, ఆ రంగులు, ఆ నూనె వాసన ఎప్పుడూ కిట్టలేదు. మనం వాళ్ళ అభిరుచిని అరువు తెచ్చుకోనక్కర్లేదు.

కాకినాడ మనుషులకి సముద్రం చూపిస్తాను అంటే మాత్రం నవ్వులపాలవుతారు. నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, ఆగస్టులో కూడా 16, 17 డిగ్రీలు దాటవు. అందుకని మన గోదావరి జిల్లాల్లో తీర్థానికి వెళ్ళినట్టు వెళ్ళండి. రంగులరాట్నం, పీచుమిఠాయి, చేయి చూసి జాతకం చెప్పేవాళ్ళు, బొమ్మల కొట్లు, పిల్లల ఏడుపులు, అన్నీ ఉంటాయి. పక్కన సముద్రం కూడా ఉంటుంది.

ఈ తీర్థం ఎలా పుట్టిందో నాన్నగారికి రైల్లో చెప్పండి, ఆసక్తిగా వింటారు. 1846లో రైలు వచ్చేదాకా బ్లాక్‌పూల్ చిన్న పల్లె. ఆ చుట్టుపక్కల లాంకషైర్ జిల్లా అంతా నూలు మిల్లులు. ఏడాదికోసారి ఒక్కో ఊళ్ళో మిల్లులన్నీ కలిసి వారం రోజులు మూసేసేవారు. దాన్ని వేక్స్ వీక్ అనేవారు. బాయిలర్లు శుభ్రం చేసుకునేదీ ఆ వారంలోనే. ఒక వారం ఓల్డమ్, ఇంకో వారం బ్లాక్‌బర్న్, ఇలా వంతులవారీగా ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయి బ్లాక్‌పూల్‌లో దిగేవి. ఆ వారానికి మొదట్లో జీతం కూడా ఉండేది కాదు. ఏడాది పొడుగునా సెలవు క్లబ్బుల్లో వారం వారం కొంత దాచుకుని, అదంతా ఇక్కడికొచ్చి ఖర్చు పెట్టేవారు. ఆ బ్లాక్‌బర్న్ చుట్టుపక్కల మగ్గాల మీద నేసిందేమిటనుకున్నారు? మన పంచెలు. ఇండియాకి ఎగుమతి చేసే ధోవతులకి పేరుమోసిన ఊరది. మనవాళ్ళు విదేశీ బట్ట మానేసిన దెబ్బ ఈ మిల్లులకి తగిలింది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీజీ, పనులు పోయిన ఆ కార్మికులని కలవడానికి బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్‌కి స్వయంగా వెళ్ళారు. మిల్లు ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరి కేరింతలు కొడుతున్న ఫొటో మీరూ చూసే ఉంటారు. వేక్స్ వారంలో బ్లాక్‌పూల్ ఇసుకలో కాళ్ళు తడుపుకున్నది అలాంటి మిల్లు కూలీలే.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? మీరు సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో, మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒక రోజు పెట్టుకోండి. బడులు తెరిచేస్తారు కాబట్టి జనం తగ్గుతారు, గదుల అద్దెలూ దిగుతాయి. అసలు కారణం దీపాలు. ఏటా ఆగస్టు నెలాఖరున మొదలై ఇప్పుడు జనవరి మొదటి రోజుల దాకా సముద్రం ఒడ్డున సుమారు ఆరు మైళ్ళ పొడవునా దీపాలంకరణ ఉంటుంది. 1879లో ఎనిమిది ఆర్క్ దీపాలు వెలిగించిన రాత్రి నుంచి ఈ ఆనవాయితీ లెక్కపెడతారు. వేసవి అయిపోయాక కూడా జనాన్ని రప్పించుకోవడానికి ఊరు పన్నిన వ్యాపార ఉపాయం ఇది, ఇప్పటికీ పనిచేస్తోంది. జూలైలో వెళ్తే సూర్యాస్తమయమే రాత్రి తొమ్మిదిన్నర దాటాక, పైగా దీపాలు ఉండవు. సెప్టెంబరులో ఎనిమిది లోపే పొద్దుగుంకుతుంది, బాబు నిద్రపోకముందే దీపాలు చూసేయొచ్చు.

పొద్దుగుంకడం అంటే గుర్తొచ్చింది. మన కోస్తా మొత్తం తూర్పుముఖం. అమ్మానాన్నలు జీవితమంతా సముద్రంలోంచి సూర్యుడు లేవడమే చూసి ఉంటారు. బ్లాక్‌పూల్ పడమటి ముఖం. మబ్బు లేని సాయంత్రం దొరికితే నార్త్ పియర్ (సముద్రంలోకి వంతెనలా కట్టిన షికారు వేదిక) చివర బల్ల మీద కూర్చోబెట్టండి, సూర్యుడు నీళ్ళలోకి దిగిపోతాడు. మా పెద్దమ్మకి ఊరికి గుర్తుగా నిలిచిన టవర్ కంటే అదే ఎక్కువ నచ్చింది.

రోజు ఖాయం చేసుకునే ముందు ఆటుపోట్ల వేళలు చూడండి. కాకినాడవాళ్ళకి ఇది తట్టదు. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి దగ్గర ఎనిమిది మీటర్ల దాకా వెళ్తుంది. పాటు సమయంలో సముద్రం ఎక్కడో దూరంగా పోయి, మైదానంలాంటి తడి ఇసుక మిగులుతుంది. పోటు మీదున్నప్పుడు నీళ్ళు గట్టు మెట్ల దాకా వచ్చి, అసలు బీచే ఉండదు. పన్నెండింటికి పోటు ఉన్న రోజున బక్కెట్టు, పార పట్టుకుని వెళ్తే బాబు మెట్ల మీద కూర్చుని ఏడవాల్సిందే. మధ్యాహ్నం పాటు ఉన్న రోజు ఎంచుకోండి. రోజుకి సుమారు యాభై నిమిషాల చొప్పున వేళ ఆలస్యమవుతూ వస్తుంది. ఇంటర్నెట్‌లో బ్లాక్‌పూల్ టైడ్ టైమ్స్ అని వెతికితే వస్తుంది. ఇసుక మీద దూరం పోకండి, నీళ్ళు తిరిగొచ్చేటప్పుడు పల్లం ఉన్న చోట్ల మన వెనకనుంచి కూడా చుట్టేస్తాయి. కాళ్ళు తడుపుకోవాలన్నా ఎరుపు, పసుపు జెండాల మధ్యే. బాబుని గాడిద ఎక్కించాలనుకుంటే శుక్రవారం మాత్రం వెళ్ళకండి. ఇక్కడి గాడిదలకి మున్సిపాలిటీ నిబంధనల ప్రకారం శుక్రవారం సెలవు, రోజూ మధ్యాహ్నం గంట భోజన విరామం కూడా ఉంది.

గాలి గురించి గట్టిగా చెప్తున్నాను. మాంచెస్టర్‌లో చొక్కాతో తిరిగిన రోజున కూడా అక్కడ జాకెట్ కావాలి. అమ్మగారు చీరలోనే వస్తాను అంటే రానివ్వండి, కానీ పైట నిండా పిన్నులు పెట్టించి, పైన జిప్ ఉన్న కోటు వేయించి, చెప్పులు కాకుండా బూట్లు తొడిగించండి. నాన్నగారి మంకీ క్యాప్ ఇంట్లో వదిలిపెట్టకండి. గొడుగు దండగ, ఐదు నిమిషాల్లో తిరగబడుతుంది. 2023 డిసెంబరు చివర్లో టవర్ పైన మంటలు లేచాయని అగ్నిమాపక దళం, పోలీసులు పరుగెత్తుకెళ్ళారు. తీరా చూస్తే పై భాగంలో కట్టిన నారింజరంగు వల గాలికి రెపరెపలాడుతోంది! దేశమంతా నవ్వుకుంది.

ప్రయాణం సులువు. మాంచెస్టర్ నుంచి బ్లాక్‌పూల్ నార్త్‌కి నేరుగా రైళ్ళున్నాయి, గంటా పావు అటూ ఇటూ. కారులో అయితే ఎం6 మీంచి ఎం55 పట్టుకోవాలి. పెద్దవాళ్ళతో నేను రైలే మేలంటాను. దీపాల రోజుల్లో ఒడ్డున కార్లు నత్తనడక నడుస్తాయి, ప్రైవేటు పార్కింగుల్లో కెమెరా పెట్టి పది నిమిషాలు దాటినా జరిమానా కాగితం ఇంటికి పంపిస్తారు. స్టేషన్ దగ్గరికే 2024లో ట్రామ్ లైను కూడా వచ్చింది.

ట్రామ్ ఎక్కకుండా రాకండి. 1885 సెప్టెంబరులో మొదలైన విద్యుత్ ట్రామ్ ఇది, ప్రపంచంలో అతి పాతవాటిలో ఒకటి. ఇంగ్లండ్‌లో మిగతా ఊళ్ళన్నీ తమ పాత ట్రాములు పీకేసినా ఇది ఆగలేదు. పెట్టెలు 2012 నుంచి కొత్తవి, నేలకి సమానంగా ఉంటాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, పిల్లాడి తోపుడుబండికీ ఇబ్బంది లేదు. రోజంతటికీ ఒకే టికెట్టు తీసుకుని దక్షిణాన స్టార్ గేట్ నుంచి ఉత్తరాన ఫ్లీట్‌వుడ్ దాకా పదకొండు మైళ్ళు కిటికీ పక్కన కూర్చోండి. కాళ్ళు అరగకుండా ఊరంతా చూడటం అంటే ఇదే. ఫ్లీట్‌వుడ్ ఒకప్పుడు పెద్ద చేపల రేవు. సముద్రం మీదికి వెళ్ళే జాలర్ల గొంతుకోసం 1865లో అక్కడి ఒక మందుల కొట్టాయన చేసిందే ఫిషర్‌మ్యాన్స్ ఫ్రెండ్ బిళ్ళ. ఇప్పటికీ అక్కడే తయారవుతుంది. ఊరికి తీసుకెళ్ళడానికి అరడజను పొట్లాలు కొనండి, కీచైన్ల కంటే నయం.

టవర్ సంగతికి వస్తే, ఈఫిల్ టవర్‌ని చూసొచ్చి కట్టుకున్నది, 1894లో తెరిచారు, 158 మీటర్లు. పైకి ఎక్కితే 380 అడుగుల ఎత్తున అద్దం నేల ఉంటుంది, గాలి ఎక్కువైతే మూసేస్తారు. ఎక్కండి, బానే ఉంటుంది. కానీ డబ్బు ఒక్కదానికే పెట్టాలంటే పైకి కాదు, కింద ఉన్న బాల్‌రూమ్‌కి పెట్టండి. చాలామంది మనవాళ్ళు ఇది తెలియక వచ్చేస్తారు. 1899లో ఫ్రాంక్ మాచమ్ అనే నాటకశాలల వాస్తుశిల్పి కట్టిన హాలు. పైకప్పు నిండా బొమ్మలు, బంగారు పూత, షాండ్లియర్లు, కింద చెక్క నేల. అక్కడ మధ్యాహ్నాలు నాట్యం. ఎవరో ప్రదర్శన ఇవ్వరు, వచ్చిన జనమే ఆడతారు. వేదిక మీద పెద్ద వుర్లిట్జర్ ఆర్గన్, వాయించే మనిషితో సహా నేల కిందనుంచి పైకి లేస్తుంది. రెజినాల్డ్ డిక్సన్ అనే ఆయన 1930 నుంచి 1970 దాకా అదే చోట కూర్చుని వాయించాడు. డెబ్భై, ఎనభై ఏళ్ళ జంటలు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, సంచిలోంచి నాట్యం బూట్లు తీసి మార్చుకుని, చేతులు పట్టుకుని నేలంతా తిరుగుతారు. పక్క బల్లల దగ్గర మీరు టీ, కేకు పెట్టుకుని గంటలు కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. పోయినసారి మా అత్తయ్య ఒక వృద్ధ జంటనే కన్నార్పకుండా చూసి, "వీళ్ళ పిల్లలు ఏమీ అనరా?" అని అడిగింది. కాసేపటికి ఆవిడ కాలు బల్లకింద తాళం వేస్తోంది. టికెట్టు వేరే, ఆ రోజు హాలు వేరే కార్యక్రమానికి ఇచ్చారేమో ముందు చూసుకోండి. బాబు కోసం అదే భవనంలో సర్కస్ ఉంది, టవర్ పుట్టిన నాటినుంచీ నడుస్తోంది. 1990 తరవాత జంతువులు లేవు. చివర్లో రంగస్థలం నేల కిందికి దిగి, చూస్తుండగానే నీళ్ళతో నిండిపోతుంది.

పియర్లు మూడున్నాయి. 1863 నాటి నార్త్ పియర్ పెద్దమనుషుల షికారు కోసం కట్టింది, ఇప్పటికీ ప్రశాంతం. ఐదేళ్ళ తరవాత కట్టిన సెంట్రల్ పియర్ కూలీ జనం డాన్సులకి పేరుపడింది, రాట్నం అక్కడుంది. మూడోది వదిలేయండి. ప్లెజర్ బీచ్ అనే పార్కులో 1994 నాటి బిగ్ వన్ రోలర్‌కోస్టర్ ఉంది, మీ కుటుంబానికి ఆ ఖర్చు దండగ. దానికి బదులు ఒడ్డున ఉన్న ఆర్కేడ్లలో ఐదు పౌండ్లు రెండు పెన్నీల నాణేలుగా మార్చి నాన్నగారి చేతిలో పెట్టండి. నాణేలు తోసే మెషీన్ ముందునుంచి ఆయన్ని కదిలించడం మీ తరం కాదు.

రాక్ అనే చక్కెర కడ్డీ గురించి ఒక మాట. కడ్డీని ఎక్కడ విరిచినా లోపల బ్లాక్‌పూల్ అని అక్షరాలుంటాయి. తయారుచేసేచోట చూసే అవకాశం దొరికితే వదలకండి. ఉడికించిన పాకాన్ని కొంత మెషీన్ మీద సాగదీసి సాగదీసి తెల్లగా చేస్తారు, లోపల గాలి చేరి ఆ తెలుపు వస్తుంది. ఎర్రపాకం, తెల్లపాకం పట్టీలు పేర్చి ఒక్కో అక్షరాన్నీ పొడుగ్గా, చేతి మందాన కడతారు. నిలువు గీతల అక్షరాలు ముందు చేసి, గుండ్రటివి ఆఖరున చేస్తారు, లేకపోతే మెత్తగా ఉండగానే వంగిపోతాయి. అన్నీ కలిపి మనిషి నడుమంత లావు ముద్ద కట్టి, దాన్ని దొర్లిస్తూ లాగితే వేలెడు కడ్డీ అవుతుంది, అక్షరాలు కూడా దానితోపాటే చిన్నవవుతాయి. చూడటానికి బావుంటుంది. తినడానికి పుదీనా రుచి ఉన్న రాయి. కట్టుడు పళ్ళున్నవాళ్ళకి ఇవ్వకండి.

ఇక తిండి, అసలు జాగ్రత్త ఇక్కడే. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా ఫిష్ అండ్ చిప్స్ కొట్లలో వేయించేది గొడ్డు కొవ్వులో. బీఫ్ డ్రిప్పింగ్ అంటారు. చేపనే కాదు, బంగాళాదుంప చిప్స్ కూడా అందులోనే. "చిప్స్ శాకాహారమే కదా" అని అమ్మగారికి పెట్టేసి, తరవాత బోర్డు చూసి బాధపడినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. కొట్టులోకి అడుగు పెట్టగానే "వెజిటబుల్ ఆయిలా, డ్రిప్పింగా?" అని అడగండి, మొహమాటం వద్దు, రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. నూనెలో వేయించే కొట్లూ ఉన్నాయి, కాస్త వెతకాలి. దొరికితే వేడివేడి చిప్స్ మీద వెనిగర్, ఉప్పు చల్లించుకుని, గోడకి ఆనుకుని తినండి. పొట్లాం తెరిచి పట్టుకుని నడవకండి, సీగల్ పక్షులు చేతిలోంచి లాక్కుపోతాయి, బాబు ముఖం దగ్గరికి వస్తే భయపడతాడు. మధ్యాహ్నానికి పులిహోర కట్టుకుని వెళ్ళడమే నా సలహా. ఒడ్డు పొడుగునా గాలి తగలకుండా గుడిసెలాంటి పాత ఇనుప షెల్టర్లున్నాయి, వాటిలో కూర్చుని తినొచ్చు.

ఒక్కరోజు చాలా అంటే, దీపాలు చూడాలనుకుంటే ఒక రాత్రి ఉండటమే సుఖం. కానీ శుక్ర, శనివారాల రాత్రులు మాత్రం వద్దు. పెళ్ళికి ముందు స్నేహితులతో తాగి తిరిగే గుంపులు దేశం నలుమూలలనుంచీ ఇక్కడికే వస్తాయి. హాని తలపెట్టరు గానీ, అమ్మానాన్నలతో ఆ వీధుల్లో నడవడం ఇబ్బంది. గోల అసలే పడదనుకుంటే పక్కనున్న లిథమ్‌లో గది తీసుకోండి, పచ్చిక మైదానం, పాత గాలిమర, నెమ్మదైన ఊరు.

బ్లాక్‌పూల్‌లోనే గెస్ట్‌హౌస్ తీసుకుంటే ఆన్‌లైన్‌లో నొక్కేయకుండా ఫోన్ చేయండి. అవి చాలావరకు మూడు నాలుగు అంతస్తుల పాత ఇళ్ళు, లిఫ్టు ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. కింది అంతస్తులో గది ఉందా, బాత్రూమ్ గదిలోనేనా, సముద్రం కనిపిస్తుంది అన్నది కిటికీలోంచేనా, మెడ వంచి చూస్తేనా అని అడగండి. ఉదయం ఫలహారంలో మాంసం లేకుండా గుడ్డు, టోస్టు, బీన్స్ ఇమ్మని ముందురోజే చెప్తే వేరే పెనం మీద చేసిపెడతారు. గదిలో కెటిల్ ఎలాగూ ఉంటుంది, కాఫీపొడి మాత్రం మనదే పట్టుకెళ్ళండి.